బొమ్మ అదిరింది, బిల్లు సంగతి తర్వాత

ఆదివారం అనుబంధం గురువారం రాత్రికల్లా అచ్చుకు వెళ్లాలి. ఈ సంగతి డెస్కులో బుధవారం సాయంత్రం దాకా ఎవరికీ తెలియదు. వారానికో ఆదివారం వస్తుందన్నది వాళ్లకు ప్రతి వారమూ తాజా వార్తే. ఆ వార్త అందగానే సబ్ ఎడిటర్ ఫోను అందుకుంటాడు. "అన్నా, ఖాళీయేనా?" అని మొదలుపెడతాడు. ఫ్రీలాన్స్ ఆర్టిస్టు గోడకు చేరగిలబడి, బ్రష్షు చేతపట్టుకుని, ఈ ఫోను కోసమే కాచుకు కూర్చుంటాడని డెస్కు నమ్మకం. అది తప్పని బల్లగుద్ది చెప్పాలనే ఉంటుంది. ఒకటో తారీఖు అద్దె గుర్తొచ్చి "చెప్పు తమ్ముడూ" అంటాం.

"కథకో బొమ్మ కావాలన్నా. రేపు పొద్దున పదింటికల్లా."

"కథ పంపు."

"కథ ఇంకా ఎడిటింగులో ఉంది. థీమ్ చెప్తా, రాసుకో. అమ్మ."

"అమ్మ... ఇంకా?"

"అంతే అన్నా. అమ్మ. కాస్త ఎమోషనల్‌గా."

తెలుగు కథల్లో అమ్మలు చాలామంది. కొడుకు అమెరికాలో ఉన్న అమ్మ, కోడలితో పొసగని అమ్మ, వృద్ధాశ్రమం అమ్మ, మొదటి పేరాలోనే పోయి గోడ మీద ఫొటో అయిన అమ్మ. ఏ అమ్మో చెప్పరు కాబట్టి అందరికీ సరిపోయే అమ్మను వేస్తాం. నెరిసిన ముడి, ముతక చీర, గుమ్మానికి ఆనుకుని వీధి వైపు చూపు. ఆదివారం పేపరు తెరిచి చూస్తే ఆ కథలో అమ్మ ముప్ఫై రెండేళ్ల పోలీసు ఇన్‌స్పెక్టరు. పొద్దున్నే ఫోన్ మోగుతుంది. రచయిత తిట్టడానికి చేస్తాడు. ఎడిటర్‌ని తిడితే వచ్చే నెల కథ పడదు గనక, ఆర్టిస్టును తిట్టడమే క్షేమమని ఆయనకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

నిజానికి ఈ పనిలో గీయడం కంటే చదవడమే ఎక్కువ. అచ్చుకాక ముందే కథను శ్రద్ధగా చదివే మనిషి బొమ్మలు వేసేవాడే. కొన్ని వారాలు అచ్చయ్యాక కూడా వాడొక్కడే. రెండుసార్లు చదివి, రచయిత చెప్పకుండా వదిలేసిన క్షణమేదో పట్టుకోవాలి. "ఆమె మౌనంగా ఉండిపోయింది" అని ఆయన రాసి చేతులు దులిపేసుకుంటాడు. ఆ మౌనంలో ఆమె చేతులు ఏం చేస్తున్నాయో మేం తేల్చాలి. కొంగు మెలిపెడుతున్నాయా, స్టౌ కట్టేస్తున్నాయా, సంచీలో బట్టలు సర్దుతున్నాయా? అది తేలితే గీయడం ఎంతసేపు? అందుకే డెస్కు "నీకెంతన్నా, అరగంట పని" అంటుంది. అరగంట పనే. మిగతా పూటంతా ఆలోచన. దాన్ని కొలవడానికి పత్రికల దగ్గర కాలమ్ సెంటీమీటర్లు లేవు, అవి యాడ్‌లకే.

ఇంకో మర్యాద కూడా ఉంది. కథలోని గుట్టు బొమ్మ బయటపెట్టకూడదు. కొసమెరుపు కథల్లో హంతకుడెవరో ఆఖరి వాక్యంలో తెలుస్తుంది. డెస్కుకు మాత్రం హంతకుడు కత్తి పట్టుకుని నిలబడ్డ బొమ్మే కావాలి, అదీ మొదటి పేజీలో, మూడు కాలమ్‌ల వెడల్పున. "అప్పుడిక కథెందుకు తమ్ముడూ?" అంటే, "జనం బొమ్మ చూసే కదన్నా చదివేది!" అని జవాబు. జనం బొమ్మ చూసే చదువుతారని ఒప్పుకున్న ఈ నోరే పారితోషికం దగ్గరకు వచ్చేసరికి "బొమ్మదేముంది, ఫిల్లరే కదా" అంటుంది.

కొన్ని బొమ్మలకు శాశ్వత ఆర్డరు ఉంది. మార్చి 8న స్త్రీకి పది చేతులు: ఒక దాంట్లో గరిటె, ఒక దాంట్లో ల్యాప్‌టాప్, ఒక దాంట్లో పిల్లవాడు, పక్కన ఖాళీగా కూర్చున్న మొగుడికి రెండే చేతులు, అవీ ఫోను మీద. (ఈ మొగుణ్ణి ప్రతి ఏడూ తీసేయిస్తారు. "నెగిటివ్ వద్దన్నా, పండగలాంటి రోజు.") కుంగుబాటు మీద వ్యాసమైతే మోకాళ్ల మధ్య తల పెట్టుకున్న అమ్మాయి. పరీక్షల సీజనైతే పుస్తకాల కొండ కింద నలిగిన పిల్లాడు. అత్యాచారం వార్తకు గోడ మీద నీడ, ముందుకు చాచిన చెయ్యి. చేసినవాడి ముఖం వేయకూడదు, బాధితురాలి భయమే వేయాలట. రైతంటే పగుళ్లిచ్చిన నేల, నుదుటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి, ఆకాశం వైపు చూపు. బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ నీట మునిగిన 2024 సెప్టెంబరులోనూ అడిగింది ఈ పగుళ్లనే. "రైతు మునిగిపోయాడు కదా తమ్ముడూ" అంటే, "మునిగితే రైతని గుర్తుపట్టరన్నా" అన్నాడు. ఉగాదికి కోయిల, సంక్రాంతికి హరిదాసు. తెలంగాణలో ఏ కథ జరిగినా, అది బ్యాంకు లాకరు దొంగతనం కథే అయినా సరే, వెనక ఎక్కడో బతుకమ్మ ఉండాలి.

అన్నిటికంటే గట్టి ఆర్డరు జడ. కథలో అమ్మాయి గచ్చిబౌలిలో టీమ్ లీడ్. జుట్టు భుజాల దాకా కత్తిరించుకుందని రచయిత్రి స్పష్టంగా రాసింది. స్కెచ్ పంపిన పది నిమిషాలకు మెసేజ్: "జడ పెట్టన్నా. తెలుగుదనం రావాలి." కథలో జడ లేదని చెబితే వచ్చే సమాధానం తెలుగునాట బొమ్మలు గీసే ప్రతివాడూ విన్నదే. "బాపు గారైతే పెట్టేవారు."

"బాపు గారైతే" అనే ఈ రెండు మాటలతో తెలుగు డెస్కులు ఇప్పటికి ఎంతమంది కుర్ర ఆర్టిస్టుల నడ్డి విరిచాయో లెక్కలేదు. బాపు పెట్టిన జడ అందరికీ కనిపించింది. గీతను ఆయన ఎక్కడ ఆపాడో ఎవరికీ కనిపించలేదు. ముళ్లపూడి వెంకటరమణ బుడుగుకు ఆయన వేసిన బొమ్మల్లో నేపథ్యం దాదాపు ఉండదు. నాలుగు గీతల్లో ఓ పిల్లవాడు, వాడి చుట్టూ తెల్ల కాగితం. ఆ తెల్ల కాగితమే ఇల్లూ వీధీ బడీ అయిపోతుంది. ఈ రోజున ఆ బొమ్మ పంపితే "బ్యాక్‌గ్రౌండ్ ఖాళీగా ఉందన్నా, కొంచెం ఫిల్ చెయ్" అని తిప్పిపంపుతారు. అక్షరాల సంగతి సరేసరి. కథ పేరును బొమ్మతో పాటే గీసిన చెయ్యి అది. ఒక్కో శీర్షికకు ఒక్కో నడక. చివరికి ఆ చేతిరాతే కంప్యూటర్ ఫాంటు అయి, శుభలేఖ నుంచి బిర్యానీ పాయింట్ బోర్డు దాకా ఒకటే నడక నడుస్తోంది. శీర్షికలు రాసిచ్చి నాలుగు రాళ్లు సంపాదించుకునే లెటరింగ్ ఆర్టిస్టు చేతికి మాత్రం ఆ ఫాంటు పుణ్యమా అని పూర్తి విశ్రాంతి దొరికింది. ఇది బాపుకు జరిగిన సన్మానమో, మిగతావాళ్లకు జరిగిన శాస్తో మీరే చెప్పండి.

బాపు పేరు వచ్చింది కాబట్టి ప్రేరణ గురించి ఓ మాట. సాహిత్య సభలో, టీవీ ఇంటర్వ్యూలో, కాలేజీ వార్షికోత్సవంలో ఆర్టిస్టు దొరికితే అడిగేది ఒకటే: "మీకు ప్రేరణ ఎవరండీ?" కొళాయి బాగుచేయడానికొచ్చిన మనిషిని "మీకు నీటి మీద మక్కువ ఎప్పుడు మొదలైందండీ" అని ఎవరూ అడగరు. ఎంతయిందో అడిగి ఇచ్చి పంపిస్తారు. మమ్మల్ని మాత్రం ప్రేరణ అడిగి పంపిస్తారు. బాగా గమనిస్తే ఆ ప్రశ్న వేసేవాళ్లలో సగం మంది మాకు బాకీ ఉన్నవాళ్లే.

అడిగారు గనక చెబుతాను. మా తరం అంతా చెప్పే పేర్లే: బాపు, వడ్డాది పాపయ్య, చందమామ శంకర్. ఈ ముగ్గురి పేర్లు చెప్పగానే సభాధ్యక్షుడు కళ్లు మూసుకుని "ఆ నిష్ఠ, ఆ తపస్సు! డబ్బు కోసం గీశారా వాళ్లు?" అంటాడు. ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది.

వడ్డాది పాపయ్య శ్రీకాకుళంలో 1921లో పుట్టి, కశింకోటలో కాపురముండి, మద్రాసు పత్రికలకు ముఖచిత్రాలు పంపాడు. 'వపా' అన్న సంతకం కనిపిస్తే చాలు, చందమామనూ యువనూ అట్ట కోసమే కొన్నవాళ్లున్నారు. ఆ మహానుభావుడు బతుకుతెరువుకు బడిలో డ్రాయింగు మాస్టారు. నెల తిరిగితే జీతం. శంకర్, అంటే కె.సి. శివశంకరన్, 1950ల మొదట్లో చందమామలో చేరి సుమారు ఆరు దశాబ్దాలు అక్కడే గీశాడు. భుజాన శవంతో, చేత కత్తితో నడిచే విక్రమార్కుణ్ణి మన కళ్లకు ఇచ్చింది ఆయనే. 1947లో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ఆ పత్రికలో చిత్రా, శంకర్ లాంటి ఆర్టిస్టులు ఆఫీసులో కూర్చుని నెలజీతానికి పనిచేశారు. కథ పూర్తిగా చేతికొచ్చేది, గీయడానికి వ్యవధి ఉండేది, ఏ కాలానికి ఏ కిరీటమో, ఏ రాజుకు ఏ రథమో చూసుకునే తీరిక దొరికేది. బాపుకు 1967లో తీసిన 'సాక్షి' నుంచి సినిమా కూడా ఉంది. ఒకరికి బడి, ఒకరికి ఆఫీసు, ఒకరికి సినిమా. ఈ ముగ్గురి తపస్సుకూ వెనక ఒక ఆదరవు ఉంది. ఆ ఆదరవు తీసేసి తపస్సు ఒక్కటే మాకు వారసత్వంగా ఇచ్చి, "వాళ్లను చూసి నేర్చుకోండి" అంటున్నారు. నేర్చుకున్నాం సార్. జీతం ఉంటే బొమ్మ బాగా వస్తుందని నేర్చుకున్నాం.

ఇక బేరం. "బడ్జెట్ లేదన్నా" అన్నది పల్లవి. న్యూస్‌ప్రింటుకు బడ్జెట్ ఉంది, సిరాకు ఉంది, ఏజెంటు కమిషన్‌కు ఉంది, వార్షికోత్సవానికి హోటల్లో వేసే స్టేజీ పూలకు కూడా ఉంది. కాగితం కంపెనీ యజమానిని "మీ కాగితం మా పత్రికలో వాడితే మీకు మంచి పేరొస్తుంది" అని ఎవరూ బుజ్జగించరు. మమ్మల్ని అదే మాటతో బుజ్జగిస్తారు. కథకో బొమ్మకు ఎంతిస్తారో ఆ అంకె ఇక్కడ రాయవచ్చు గానీ, రాస్తే మా పిల్లలకు పెళ్లి సంబంధాలు రావు.

ఆ అంకె కూడా చేతికి రావాలంటే అకౌంట్స్ విభాగం గుండా పోవాలి. బిల్లు పెట్టండి అంటారు. పాన్ కార్డు జిరాక్సు, క్యాన్సిల్ చేసిన చెక్కు, నా టర్నోవరు జీఎస్టీ పరిమితి అయిన 20 లక్షలు దాటలేదని హామీపత్రం. బొమ్మలేసుకునేవాడి చేత ఏడాదికి 20 లక్షలు సంపాదించడం లేదని సంతకం చేయించుకోవడం కంటే పెద్ద వ్యంగ్య చిత్రం నేనింతవరకూ గీయలేదు. ఒక సంస్థ ఏడాదిలో చెల్లించే వృత్తి ఫీజు 50,000 దాటితే 10 శాతం టీడీఎస్ కోయాలని రూలు. ఆ కోత పడ్డ కథాచిత్రకారుణ్ణి నేను కలవలేదు, కలిస్తే కాళ్లకు దండం పెడతాను. కాగితాలన్నీ ఇచ్చాక వినిపించేవి మూడు మాటలు, ఇదే వరసలో: "ప్రాసెస్‌లో ఉందండీ." "చెక్కు రెడీ అండీ, సంతకమే కావాలి." "ఎండీ గారు తిరుపతి వెళ్లారండీ." ఇంత భక్తి ఉన్న యజమానులు వేరే ఏ పరిశ్రమలోనూ ఉండరు. మా బిల్లు పెట్టినప్పుడల్లా కొండెక్కుతారు.

వేయించుకున్న బొమ్మను వాడకపోతే కొంత సొమ్ము ఇవ్వడమనే ఆచారం అమెరికా, ఇంగ్లండు పత్రికల్లో ఉంది. ఇక్కడ ఆ ఊసెత్తితే నవ్వుతారు. "శంషాబాద్ ప్లాట్ల యాడ్ వచ్చిందన్నా, కథ ఎగిరిపోయింది." కథ ఎగిరితే బొమ్మ ఎగిరినట్టే, బొమ్మ ఎగిరితే బిల్లు ఎగిరినట్టే. ఆ బొమ్మ మాత్రం ఎక్కడికీ ఎగరదు. డెస్కు కంప్యూటర్లో 'అమ్మ' అన్న ఫోల్డర్‌లో పడి ఉంటుంది. మూడేళ్ల తర్వాత ఓ మాతృదినోత్సవం నాడు, కుడివైపు చూసే అమ్మ ఎడమవైపు చూస్తూ, పైట కుడి భుజానికి మారి ప్రత్యక్షమవుతుంది. లేఔట్‌లో అమరలేదని అద్దంలో తిప్పేశారు. మూల సంతకం తిరగబడితే బాగుండదని ఆ మూల కోసేశారు. పేరు లేదు, పైసా లేదు, అమ్మకు పైట కూడా సరిగ్గా లేదు.

దీనికి చట్టం ఏమంటుందో చూస్తే ఇంకా నవ్వొస్తుంది. 1957 కాపీరైటు చట్టం ప్రకారం బొమ్మకు తొలి హక్కుదారు వేసినవాడే. పత్రికలో ఉద్యోగి వేసిన బొమ్మను కూడా పత్రికలో అచ్చేసుకునే హక్కే యజమానిది. మరోలా రాసుకోకపోతే మిగతా హక్కులు ఉద్యోగివే. బేరమాడి డబ్బుకు వేయించుకున్న పెయింటింగు, పోర్ట్రెయిటు, ఫొటో లాంటివి మాత్రం, వేరే ఒప్పందం లేకుంటే, వేయించుకున్నవాడివి. డబ్బుకు వేయించుకున్నవి, అని షరతు. ఈ షరతు తమకు వర్తించకుండా మా పత్రికలు తీసుకునే జాగ్రత్త మెచ్చుకోదగ్గది. హక్కు రాసివ్వాలంటే రాతపూర్వకంగా సంతకంతో ఇవ్వాలి. ఎన్నేళ్లో రాయకపోతే ఐదేళ్లే, ఎక్కడో రాయకపోతే భారతదేశంలోనే. హక్కులన్నీ అమ్ముకున్నా సరే, ఇది నా బొమ్మ అని చెప్పుకోవడానికీ, పరువు పోయేలా వికృతం చేస్తే అడ్డుకోవడానికీ 57వ సెక్షను కింద వీలుంది. హక్కు కాలపరిమితి వేసినవాడు పోయాక 60 ఏళ్లు. చచ్చాక 60 ఏళ్లు రక్షణ ఇచ్చే దేశంలో, బతికుండగా 60 రోజుల్లో చెక్కు ఇప్పించే నాథుడు లేడు.

ఉన్నాడు, ఆ సంగతీ చెప్పాలి. 2006లో వచ్చిన ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఉద్యమ్ పోర్టల్లో నమోదైన చిన్న సంస్థ, అంటే ఒక్కడే కూర్చుని బొమ్మలేసుకునే సంస్థ కూడా, పని అప్పజెప్పాక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే 45 రోజులు దాటకుండా డబ్బు అందుకోవాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇది చదివి నాకు ఒక రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి ఈ విషయం ఓ మిత్రుడితో చెబితే, "నోటీసు పంపు, వడ్డీతో సహా వస్తుంది. ఆ తర్వాత ఈ ఊళ్లో నీకు బొమ్మ ఎవడిస్తాడు?" అన్నాడు. చట్టాన్ని పుస్తకంలోనే ఉంచే ఏర్పాటు పక్కాగా ఉంది.

ఈ లోగా యంత్రం వచ్చింది. 2025 మార్చిలో ఎవరి ఫొటో ఇచ్చినా జపాన్ స్టూడియో జిబ్లీ బొమ్మలా మార్చే సరదా లోకమంతా అంటుకుంది. ఆ స్టూడియోలో మియజాకి బృందం ఏళ్ల తరబడి చేత్తో గీసిన కళ్లు మన సర్పంచుల ముఖాల మీదికి ఒక్క పూటలో వచ్చి కూర్చున్నాయి. డెస్కుకు జ్ఞానోదయమైంది. బొమ్మకు ఆర్టిస్టు అక్కర్లేదు, టైపింగ్ వస్తే చాలు! పండగ అనుబంధాల్లో అద్భుతాలు మొదలయ్యాయి. గంగిరెద్దుకు మూడు కొమ్ములు. బతుకమ్మ మీద పుట్టినరోజు కొవ్వొత్తులు. వినాయకుడికి తొండం రెండు వైపులా. కిరాణా కొట్టు బోర్డు మీద అక్షరాలు తెలుగూ కావు, కన్నడమూ కావు, దేవుడికైనా చదవరావు. ఇంటర్నెట్లో దొరికిన బొమ్మలన్నీ నమిలి నేర్చుకున్న యంత్రమది. గీసినవాళ్లను ఎవరూ అడగలేదు, అడిగే అలవాటు మన డెస్కులకు మాత్రం ఉందా ఏమిటి? అందుకే రెండింటికీ ఇట్టే స్నేహం కుదిరింది. బుధవారం రాత్రి ఫోను మళ్లీ మోగుతుంది.

"అన్నా, చిన్న కరెక్షన్. ఏఐ బొమ్మే, అదిరింది. అమ్మాయికి ఆరు వేళ్లొచ్చాయి. ఒకటి తీసేసి పంపు."

"ఎంతిస్తావు?"

"ఒక్క వేలే కదన్నా!"

పత్రికల్ని తిట్టడం తేలిక. రచయితల్ని ఎందుకు వదలాలి? సొంత ఖర్చుతో పుస్తకం వేసుకునే కవిగారు రవీంద్రభారతిలో హాలు తీసుకుంటారు, వక్తలకు శాలువాలు, జ్ఞాపికలు, వచ్చినవాళ్లకు ఇడ్లీ, ఉప్మా, కాఫీ. ముఖచిత్రం వేసినవాడికి ఒక కాపీ, లోపల "ఆత్మీయ మిత్రునికి" అని సంతకం. వేదిక మీదికి పిలిచి ఓ శాలువా కప్పుతారు, అదృష్టం బాగుంటే ఫొటోలో కూడా పడతాం. సముద్రం దాటినా ఇంతే. అమెరికాలో మన తెలుగు సంఘాల మహాసభలకు సావనీర్ అట్ట కావాలంటారు. సినిమా తారలకు విమానం టికెట్లు, గాయకులకు హోటల్ గదులు, హాలు అద్దె డాలర్లలో. అట్ట బొమ్మ మాత్రం మాతృభాషా సేవ. సేవ చేసే అవకాశం ఎప్పుడూ బొమ్మలవాడికే ఎందుకొస్తుందో, హాలు యజమానికి ఒక్కసారైనా ఎందుకు రాదో.

మా వాళ్లకూ నాలుగు అక్షింతలు వేయాలి. "డబ్బేం అక్కర్లేదు సార్, కింద పేరు వేస్తే చాలు" అనే కుర్రాడు ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. నాయనా, నువ్వు ఉచితంగా వేసిన ఆ బొమ్మ ఖరీదు నీ ఒక్కడిదే కాదు, నీ తర్వాత ఫోను ఎత్తేవాడిది కూడా. రెండేళ్లకు నువ్వు రేటు అడిగిన రోజున అదే డెస్కు ఇంకో కుర్రాణ్ణి వెతుక్కుంటుంది, నిన్ను వెతుక్కున్నట్టే. పెద్దవాళ్లు తక్కువేం తినలేదు. ఎవరికెంత ఇస్తున్నారో ఒకరితో ఒకరు చచ్చినా చెప్పుకోరు. ఏళ్ల తరబడి పక్కపక్కన అచ్చయిన ఇద్దరు ఆర్టిస్టులకు ఒకరి పారితోషికం ఒకరికి తెలియదు. ఆ మౌనం మీద ఎన్ని అకౌంట్స్ విభాగాలు హాయిగా నిద్రపోయాయో!

ఒకే ఒక్క సందర్భంలో పత్రికలు మాకు పేజీ నిండా చోటిస్తాయి. ఆర్టిస్టు మోహన్ 2017లో పోయాడు, చంద్ర 2021లో, బాలి 2023లో. ఇలాంటి ఆర్టిస్టులు పోయినప్పుడు పత్రికల్లో ఎన్ని బొమ్మలు, ఎంత పెద్దవిగా! మూల కోయకుండా, సంతకం కనిపించేలా, అద్దంలో తిప్పకుండా. "తెలుగు రేఖ చిన్నబోయింది" అని శీర్షిక, అదీ బాపు ఫాంటులో. ఆ రోజు ఆ పేజీకి ఆర్టిస్టుకు ఫోను చేసి "ఖాళీయేనా" అని అడగనక్కర్లేదు. బిల్లు పెట్టేవాడు కూడా ఉండడు. పత్రిక చరిత్రలోనే అతి చవకగా తయారయ్యే రంగుల పేజీ అదే.

ఇంత రాశాక "మరి మానెయ్యొచ్చు కదా" అంటారు. మానం. గీయడం వచ్చినవాడు మానడని మీకూ తెలుసు, మీ లెక్కంతా నిలబడ్డది దాని మీదే. అందుకని గౌరవనీయ సంపాదకులకు, రచయితలకు, సంఘాల కార్యదర్శులకు, అందరికీ కలిపి ఒకటే అర్జీ. ఇకమీదట బొమ్మ కావాలంటే ఫోను చేయకండి, కాగితం పంపండి. ఎంత ఇస్తారో, ఏ తేదీకి ఇస్తారో, ఎన్నిసార్లు ఎక్కడెక్కడ వాడుకుంటారో, వాడకపోతే ఎంత ఇస్తారో, పేరు ఏ మూల వేస్తారో అందులో రాయండి. కింద సంతకం చేయండి. తిరుపతి వెళ్లే ముందే చేయండి. కథ పూర్తి పాఠం జత చేయండి, ఏ అమ్మో మేమే చూసుకుంటాం. శాలువాలు మాత్రం పంపకండి. ఇంట్లో ఉన్నవే కప్పుకోలేక పరుపు కింద వేసుకుంటున్నాం.